అద్దం కింద తొండపిల్ల

మా బావ గురునాథరావు ఇంట్లో మూతలేని వస్తువు కనబడదు. గ్యాసు పొయ్యి చుట్టూ రేకు. కూలర్‌కి కంపెనీవాళ్ళు ఇచ్చిన జాలీ చాలదని దాని మీద ఇంకో జాలీ. స్విచ్చు బోర్డులకి టిఫిన్ డబ్బా మూతలతో చేసిన తలుపులు. తులసికోట దగ్గర మా అక్క సింహాచలమ్మ పెట్టే దీపానికి కూడా ఒక రేకు గొడుగు ఉంది. దణ్ణం పెట్టుకోవాలంటే ముందు దాని కొక్కెం తియ్యాలి. మిషన్లకి బిగించినట్టు అన్నిటికీ గార్డులు బిగిస్తాడని భిలాయి క్యాంప్ 2లో మా వీధివాళ్ళంతా ఆయన్ని గార్డు సాబ్ అంటారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు ఈయన ఏ బ్యాంకు గుమ్మంలోనో తుపాకీ పట్టుకు నిలబడ్డ మనిషి కాబోలనుకుని నమస్తే పెడతారు. ఆయన కాదనడు.

నేను ఆయన బామ్మర్దిని, లక్ష్మీప్రసాద్‌ని. దుర్గ్ స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో పనిచేస్తాను. బావ ఇంటికి నాలుగిళ్ళ అవతలే మా ఇల్లు. ఆ రేకులూ జాలీలూ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా పైకి ఒక్క మాట అనను. అనే మొహం నాకు లేదు.

బావకి ఎడమ కన్ను లేదు. ఇరవై ఆరేళ్ళ కిందట ఒక చిన్న ఫౌండ్రీలో పనిచేసేవాడు. అది మూతపడి చాలాకాలమైంది. ఒకరోజు కరిగిన ఇనుము అచ్చులో పోస్తుంటే చిట్లింది. మొహానికి అడ్డంగా ఉండాల్సిన అద్దం ఆ క్షణాన నెత్తి మీదికి ఎత్తి ఉంది. ఇంతవరకూ వీధిలో అందరికీ తెలుసు. అద్దం ఎందుకు ఎత్తి ఉందో నాకు తెలుసు. ఆ రోజు అక్కకి ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు చెప్పాలని ఆస్పత్రి నుంచి సైకిలు తొక్కుకుంటూ పోయి, షెడ్డు తలుపు దగ్గర నిలబడి "బావా!" అని గొంతు చించుకున్నాను. ఆయన నావైపు తిరిగాడు. మొహం మీద అద్దం లేదు. తర్వాత జరిగింది నేను తలుచుకోను. నా కేక విని, నాతో మాట్లాడదామనే ఆయన అద్దం ఎత్తాడు. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. బావ కూడా ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

అలాంటి మనిషి పోయిన నవంబరులో సుపేలా బజారుకి జాలీ కొనడానికి వెళ్ళి తొండపిల్లతో తిరిగొచ్చాడు.

మన పొదల్లో తిరిగే తొండ కాదది. ఎక్కడో ఆస్ట్రేలియా ఎడారి జాతి. గడ్డం కింద ముళ్ళుంటాయి, కోపమొస్తే గడ్డాన్ని ఉబ్బించి నల్లగా చేసుకుంటుంది. చేపల తొట్లు అమ్మే కొట్లో గాజుపెట్టెలో ఉందట. తోకతో కలిపి జానెడు కూడా లేదు. వెంట ఒక గాజుతొట్టి, పైన కప్పడానికి జాలీ మూత, వేడికో బల్బు, పొడుగాటి ట్యూబులైటు ఒకటి, కాల్షియం పొడి డబ్బా, ఒక పెట్టెనిండా కీచురాళ్ళు.

అక్క గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "ఓలమ్మో! తొండనట్టుకుని ఇంట్లోకొచ్చేత్తారేటండీ? బుర్ర గానీ తిరిగిపోనాదేటి మీకు?"

"తొండ కాదే, బుల్లోడు," అన్నాడు బావ. అప్పటికే పేరు పెట్టేశాడన్నమాట.

"బుల్లోడో గిల్లోడో, మీద పడితే తలంటు పోసుకోవాలి. బల్లి పడితేనే బోలెడు శాస్త్రం ఉన్నాది. దీనికి ఏ పంచాంగం సూడాలి?"

నన్ను పక్కకి లాగి బావ అసలు సంగతి చెప్పాడు. "ఒరే ప్రసాదూ, నన్ను సూడ్డానికి అది తల పక్కకి తిప్పి ఒక్క కన్నే ఎట్టిందిరా. నాను కూడా అలాగే కదా సూస్తాను. అప్పుడు సెయ్యి ఒకటి పైకెత్తి, మెల్లగా ఊపింది. నాకు దాన్నక్కడ వదిలీయబుద్ధి కాలేదు."

ఆ జాతి పిల్లలు తమకన్నా పెద్ద జీవి కనబడితే భయంతో చెయ్యి ఊపుతాయట. ఆ సంగతి తర్వాత తెలిసింది. బావకి మాత్రం అది నమస్తేయే.

పాత ఫౌండ్రీ అలవాటు ఒకటి ఆయనలో నిద్రలేచింది. కన్ను పోయాక ఆయన్ని కొలిమి వేడి రాసే పనిలో పెట్టారు. గంటగంటకీ ఎంత వేడి ఉందో పుస్తకంలో ఎక్కించేవాడు. ఇప్పుడు బుల్లోడి కోసం అలాంటి పుస్తకమే మొదలయింది. బల్బు కింద రాయి మీద నలభై. చల్లటి మూల ఇరవై ఆరు. ఇందులో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా వీధిలో ఎవరితో మాట్లాడుతున్నా వదిలేసి లోపలికి పరిగెత్తేవాడు. కూతురు పసిదిగా ఉన్నప్పుడు బొంతలు ఎన్ని ఉన్నాయో కూడా తెలియని మనిషి.

మూడోరోజు నన్ను పిలిచాడు. తొట్టి ముందు కుర్చీలో కూర్చుని పైకి చూస్తున్నాడు.

"ఆ బల్బు సూడు. వేడిగా ఉన్నప్పుడు సన్న నీటిచుక్క పడితే సాలు, పేలిపోద్ది. పెంకులన్నీ జాలీలోంచి పిల్లాడి నెత్తి మీద పడతాయి. ఆ ట్యూబు సూడు, సూటిగా కళ్ళలోకే కొడతంది. ఇంత లేత కళ్ళు."

"కొట్టువాడు ఇలాగే పెట్టమన్నాడు కదా బావా."

"కొట్టోడికేటి తెలుసు?" అని నావైపు తిరిగాడు. "అద్దం కావాలిరా."

ఆయన నోట అద్దం అనే మాట వస్తే నేను కాదనలేను. ఆ సాయంత్రమే గాజుల కొట్టుకి పోయి, తొట్టి కొలతకి సరిగ్గా నాలుగు మిల్లీమీటర్ల పలక కోయించి, చేతులు తెగకుండా అంచులు నూరించి తెచ్చాను. అది జాలీ మూత మీద పరిచి, దానిమీద బల్బూ ట్యూబూ అమర్చాం. గాలి ఆడడానికి ఒక పక్క రెండు వేళ్ళ సందు వదిలాం. వేడి కొంచెం తగ్గితే పెద్ద బల్బు వేశాం. రాయి మీద మళ్ళీ నలభై వచ్చింది. బావ పలకని పాత బనీనుతో తుడిచి, అటునుంచీ ఇటునుంచీ చూసి, "ఇప్పుడు నిశ్చింత," అన్నాడు. నాకు కూడా ఎందుకో గుండె తేలికపడింది. ఎంతోకాలంగా ఉన్న బాకీలో కొంత తీరినట్టనిపించింది.

డిసెంబరు సగం వరకూ అంతా బాగానే ఉంది. కీచురాళ్ళని కవర్లో వేసి కాల్షియం పొడి చల్లి కుదిపి తొట్టిలో వదిలితే బుల్లోడు ఒక్క గెంతులో పట్టేవాడు. అక్క తిడుతూనే మెంతికూర సన్నగా తరిగిపెట్టేది. తొట్టి పక్కనుంచి వెళ్తూ, ఎవరూ చూడటంలేదనుకున్నప్పుడు, వేలితో గాజు మీద రెండుసార్లు కొట్టేది. వాడు చెయ్యి ఊపేవాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయేది.

చలి ముదిరాక మొదటి తేడా కనబడింది. కీచురాయి వాడి ముక్కు ముందే నడిచిపోతుంటే నాలుక చాపాడు, అందలేదు. మళ్ళీ చాపాడు, అందలేదు. తర్వాత ఊరుకున్నాడు. బావ థర్మామీటర్ చూశాడు. నలభై. ఇంకో థర్మామీటర్ తెచ్చి పక్కన పెట్టాడు. అదీ నలభై అంది.

"సలికాలం కదా, బద్ధకం," అన్నాడు. ఆ మాట ఆయనే నమ్మలేదు.

వారం తిరిగేసరికి వాడు పొట్ట నేలకి ఆనించి పాకడం మొదలుపెట్టాడు. రాయి ఎక్కబోయి జారిపోయేవాడు. అక్క ఒక పొద్దున్న మెంతికూర వెయ్యబోయి అలాగే ఆగిపోయింది.

"ఏటండీ, బేగి రండి. ఈడి కాలి యేళ్ళు సూడండి, అదురుతున్నాయి."

నేను అప్పుడే అక్కడికి వచ్చాను. ముగ్గురం వంగి చూశాం. ముందుకాలి వేళ్ళు, దారాల్లాంటి వేళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి వణుకుతున్నాయి. వాడు వణికించడం లేదు, వాటంతటవే వణుకుతున్నాయి. అక్క గాజు మీద వేలితో కొట్టింది. వాడు తల తిప్పి ఒక్క కంటితో చూశాడు. చెయ్యి లేవలేదు.

బావ లోపలికి పరిగెత్తాడు. పుస్తకం తెచ్చి నా ముందు పడేశాడు. "సూడు. రెండు నెలల లెక్క. ఒక్క రోజు తప్పిందేటి? వేడి ఉన్నాది. తిండి ఉన్నాది. పొడి ఎట్టేను. ఏటి తక్కువైందిరా?"

ఆ పుస్తకం చంకన పెట్టుకుని వైద్యం కోసం బయల్దేరాం.

దగ్గర్లో పశువుల డాక్టరు ఒకాయన ఉన్నాడు. నిజాయితీపరుడు. ఆవులూ కుక్కలూ అయితే చూస్తాను గానీ ఇది నాకు తెలియని వ్యవహారం, చెయ్యి పెట్టి చెడగొట్టలేను అన్నాడు. రాయ్‌పూర్‌లో ఛాయ అని ఒకమ్మాయి ఇలాంటివాటికి వైద్యం చేస్తుందని నంబరిచ్చాడు. ఫోను చేస్తే వీడియో పంపమంది. చూసిన పది నిమిషాల్లో మళ్ళీ తనే ఫోను చేసి, రేపటిదాకా ఆగకండి, ఇవాళే తీసుకురండి అంది.

అది జనవరి మొదటివారం. పది గంటలకి కూడా పొగమంచు విడలేదు. థర్మోకోల్ పెట్టెకి చిల్లులు పొడిచి, లోపల వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టి, దాని పక్కన బుల్లోడిని పడుకోబెట్టి లోకల్ రైలెక్కాం. దారిలో ఏదో సిగ్నలు దగ్గర బండి ఆగిపోయింది. పావుగంట. అరగంట. బావ పెట్టెలో చెయ్యిపెట్టి చూశాడు.

"సీసా సల్లారిపోయింది. మీ రైల్వేని తగలెయ్యా."

"మంచు బావా. నేనేం చెయ్యను?"

"పార్సిల్ ఆఫీసోడివి, ఆ మాత్రం తెలీదేటి ఎప్పుడు కదుల్తాదో?"

ఆయన స్వెట్టర్ గుండీలు విప్పి, చొక్కా గుండీలు కూడా విప్పి, బుల్లోడిని తీసి నేరుగా ఛాతీకి ఆనించుకుని పైనుంచి రెండు చేతులూ కప్పాడు. ఎదురు సీట్లో ఆవిడ "క్యా హై భయ్యా, గిలహరీ హై క్యా?" అంది, ఉడతపిల్ల అనుకుని. ఆయన పెదాలు కదులుతున్నాయి. నంబర్లు లెక్కపెడుతున్నాడని కాసేపటికి అర్థమైంది. వాడి ఊపిరి లెక్కపెడుతున్నాడు. మధ్యలో ఒకచోట ఆగిపోయాడు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

డాక్టర్ ఛాయకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మాట తక్కువ. వాడి కింది దవడని రెండు వేళ్ళ మధ్య చాలా మెల్లగా నొక్కింది. అది రబ్బరులా వంగింది. బావ మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. ఎక్స్‌రే తీసి వెలుతురుకి ఎత్తి చూపించింది. ఎముకలు ఉండాల్సిన చోట మసక మసక గీతలు తప్ప ఏమీ లేవు. ముందుకాలు ఒకటి అప్పటికే వంగిపోయింది.

తర్వాత హిందీలో ఒక్కొక్కటే అడిగింది. ఏం పెడుతున్నారు? ఎంత వేడి? పొడి రోజూ చల్లుతున్నారా? బావ పుస్తకం ఇచ్చాడు. ఆమె పేజీలు తిప్పి, ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళని నేను చూడలేదు అంది. ట్యూబులైటు ఉందా? ఉంది. ఎంత దూరంలో? అడుగు లోపే.

"బీచ్ మే కుఛ్ లగాయా హై క్యా, అంకుల్?" మధ్యలో ఏదైనా పెట్టారా అని.

బావ మొహంలోకి కాస్త వెలుగొచ్చింది. తన జాగ్రత్త గురించి అడుగుతోందనుకున్నాడు. "హా మేడమ్. కాంచ్. చార్ ఎమ్మెమ్. ఆంఖ్ కే లియే." కళ్ళ కోసం అద్దం పెట్టానని.

ఆమె పెన్ను కింద పెట్టింది. అప్పుడు చెప్పింది. ఆ ట్యూబులో ఒక కిరణం ఉంటుంది, ఎండలో ఉండేదే. అది ఒంటికి తగిలితేనే వీడి ఒళ్ళు కాల్షియాన్ని ఎముకల్లోకి తీసుకుంటుంది. గాజు వేడిని పోనిస్తుంది, వెలుతురుని పోనిస్తుంది, ఆ కిరణాన్ని మాత్రం ఆపేస్తుంది. తిన్న కాల్షియం తిన్నట్టే పోయింది. "మీరు వేడి ఇచ్చారు అంకుల్, ఎండ ఇవ్వలేదు," అంది.

బావ బల్ల మీది పుస్తకం మూసేశాడు. ఆ కిరణం సంగతి ఆయనకి తెలియనిది కాదు. వెల్డింగు మెరుపు కంటికి తగలకుండా అద్దం ఆపుతుందని కుర్రవెల్డర్లకి తనే వందసార్లు చెప్పి ఉంటాడు. ఆపుతుందనే కదా పెట్టించింది.

"బతుకుతాడా?" అని నేను అడిగాను.

చెప్పలేను అంది. ఇంజక్షన్ ఇచ్చింది. నోట్లో చుక్కలు పొయ్యడానికి మందిచ్చింది. ఇంట్లో అద్దం తీసెయ్యండి. కానీ వీడికి ట్యూబు ఒక్కటే చాలదు, పది రోజులు మధ్యాహ్నం ఎండలో అరగంట ఉంచాలి. కిటికీలోంచి వచ్చే ఎండ కాదు, ఆరుబయట. తనంతట తను తింటే బతికినట్టు. పది రోజుల్లో తినకపోతే ఆశ పెట్టుకోవద్దు.

"జాలీ బోనులో పెట్టి ఎండలో ఉంచొచ్చా?" అన్నాడు బావ.

వద్దంది. గోరు జాలీకి తగులుకుని వాడు గుంజుకుంటే ఎముక విరుగుతుంది. చేతిలోనే పట్టుకోండి, పైన ఏమీ కప్పకండి అంది.

ఇంటికి వచ్చేసరికి అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. "ఏటన్నాది డాక్టరు?"

బావ చెప్పులు కూడా విప్పలేదు. లోపలికి పోయి గాజుపలక ఎత్తి, గోడకి ఆనించి, అప్పుడన్నాడు. "అద్దం వల్లట. నానే ఎట్టించేను."

నానే అన్నాడు. పలక కోయించి తెచ్చింది నేను. కొట్టువాడి మాట గుర్తుచేసి కూడా, అద్దం అనేసరికి నోరు మూసుకున్నది నేను. ఆ మాట అక్కడ చెప్పాల్సింది. అక్క నావైపు చూసింది కూడా. నేను గోడకి ఆనిన ఆ పలకని చూస్తూ నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ళ కిందట ఆస్పత్రి వరండాలో కూడా ఇలాగే నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాటి నుంచి మేడ మీద ఎండ పని మొదలైంది.

మా క్యాంపులో కోడిమాంసం కొట్లు ఎక్కువ. అందుకని గద్దలూ ఎక్కువ. మిట్టమధ్యాహ్నం తలెత్తితే ఐదారు తిరుగుతూనే ఉంటాయి. బజారులో మనిషి చేతిలోంచి పొట్లం తన్నుకుపోవడం నేనే చూశాను. ఆ ఆకాశం కింద, జానెడు కూడా లేని ప్రాణాన్ని అరచేతిలో పెట్టుకుని, మూత లేకుండా, జాలీ లేకుండా అరగంట కూర్చోవాలి. అదీ, దీపానికి కూడా గొడుగు బిగించిన మా బావ.

"ప్రసాదూ, సెలవు దొరుకుద్దేటి?"

"ఎందుకు?"

"నా ఎడంపక్క కూకోవాలి. అటునుంచి ఏటొచ్చినా నాకు అవుపడదు."

పది రోజులు సెలవు పెట్టాను. ఆఫీసులో కారణం ఏం రాశానో అడక్కండి.

మొదటిరోజు బుల్లోడు ఆయన అరచేతిలో చచ్చినట్టు పడుకున్నాడు. రెండోరోజూ అంతే. అక్క మెట్ల దగ్గర చీపురు పట్టుకుని పైకి చూస్తూ నిలబడేది. "హుష్! హుష్!" అని ఎక్కడో ఉన్న గద్దల్ని అదిలించేది. మందు చుక్కలు పోస్తే సగం బయటికి వచ్చేసేవి. మూడోరోజు ఒళ్ళు కాస్త రంగు తిరిగినట్టు అనిపించింది. నాలుగోరోజు మళ్ళీ వేళ్ళు అదిరాయి. ఒక కీచురాయిని వెనక్కాళ్ళు తీసేసి వాడి ముందు పట్టుకుంటే కళ్ళు మూసుకున్నాడు. బావ ఆ కీచురాయిని పారేసి, మెట్లు దిగిపోయాడు.

ఐదు. ఆరు. ఏడు. పుస్తకంలో వేడి రాయడం మానేశాడు. రోజుకి ఒక్క మాటే రాస్తున్నాడు: తినలేదు.

ఎనిమిదో రోజు మంచు పూర్తిగా విడిచి ఎండ గట్టిగా కాసింది. బావ ఎప్పట్లాగే గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. నేను ఎడంపక్కన. అక్క కింద కుళాయి దగ్గర ఉంది. బుల్లోడు ఆ రోజు మొదటిసారి తల ఎత్తాడు. ఎత్తి, ఎండకేసి ఒక కన్ను పెట్టాడు. బావ కుడిచేత్తో డబ్బాలోంచి వెనక్కాళ్ళు తీసిన కీచురాయిని తీసి వాడి ముందు పెట్టాడు. వాడు దాన్ని చూశాడు. నిజంగా చూశాడు. నేను కూడా దాన్నే చూస్తూ ఉండిపోయాను. పైకి చూడాల్సినవాణ్ణి పైకి చూడటం మరిచిపోయాను.

గచ్చు మీద నీడ ఒకటి జారింది.

తలెత్తేసరికి అది ఎడంవైపు నుంచి దిగిపోతోంది, రెక్కలు ముడిచి, సూటిగా ఆయన అరచేతి మీదికి. లేచే వ్యవధి లేదు. చెయ్యి చాపినా అందదు.

"బావా!"

అదే కేక. అదే గొంతు. ఆయన నావైపు తిరగలేదు. రెండు అరచేతులూ మూసేసి, దానిమీద తన తల వంచేసి, ఉన్నపళంగా ముద్దగా అయిపోయాడు. గద్ద గోళ్ళు ఆయన చేతి వెనక గీసుకుపోయాయి. రెక్క చెంపకి కొట్టింది. నెత్తి మీద మఫ్లర్ ఊడి గోళ్ళకి చిక్కుకుంది. కొంతదూరం మోసుకుపోయి పక్కింటి రేకుల మీద వదిలేసింది.

నేను ఆయన భుజాలు పట్టుకున్నాను. నాకు ఏడుపు వచ్చేస్తోంది. "తగిలిందా? కన్నుకి తగిలిందా? బావా, ఇటు చూడు, కన్ను చూపించు."

ఆయన మెల్లగా తల ఎత్తాడు. కుడికన్ను తెరిచే ఉంది, నన్నే చూస్తోంది. చేతి వెనక మూడు గీతల్లోంచి రక్తం కారుతోంది. అరచేతులు కొంచెం విప్పాడు. లోపల బుల్లోడు గడ్డం ఉబ్బించి, నల్లగా చేసుకుని, నోరు తెరిచి కోపంగా నిలబడి ఉన్నాడు. నాలుగు కాళ్ళ మీద, పొట్ట ఆనకుండా నిలబడ్డాడు.

"నా వల్లే," అన్నాను. ఒకసారి నోరు తెరుచుకున్నాక ఇంక ఆగలేదు. "పైకి చూడమంటే చూడలేదు. ఆ అద్దం కోయించి తెచ్చిందీ నేనే, అక్క ముందు చెప్పలేదు. ఆ రోజు షెడ్డులో కూడా నేనే. నేను పిలవబట్టే నువ్వు అద్దం ఎత్తావు. నేను అరవకపోతే నీ కన్ను ఉండేది."

బావ తల పక్కకి తిప్పి నాకేసి చూశాడు.

"ఏ అద్దం? ఫౌండ్రీలోదా?"

తలూపాను.

"నువ్వు పిలవక ముందే ఎత్తేసేనురా. ఆవిరి పట్టీసి ఏటీ అవుపడక, తుడుసుకుందామని ఎత్తేను. ఎత్తి అచ్చుకేసి తిన్నగా సూస్తన్నాను. నువ్వు అరిసేవు, మొహం నీకేసి కుడిపక్కకి తిప్పేను. అప్పుడు ఇనుము సిట్లింది." రక్తం కారుతున్న చేత్తోనే తన కుడికంటి కింద తాకి చూపించాడు. "నువ్వు అరవబట్టే ఇదున్నాది."

గచ్చు మీద అలాగే కూలబడ్డాను.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడడిగేవు? నీకు తెలుసుననే అనుకున్నాను." ఆయనకి నిజంగానే కోపమొచ్చింది. "ఇరవై ఆరేళ్ళు ఈ బెంగ ఎట్టుకు తిరిగేవేటి? ఎర్రిమొహం. ఒక్క మాట అడిగితే పోయేది కదా."

కింద నుంచి అక్క కేకలు వేస్తూ మెట్లెక్కి వస్తోంది, చీపురు చప్పుడు వినిపిస్తోంది. బావ "ష్" అన్నాడు. ఆయన మోకాలి మీద, ఈ గొడవలో ఎవరూ పట్టించుకోని కీచురాయి కుంటుకుంటూ పోతోంది. బుల్లోడు అరచేతిలోంచి మెడ చాపాడు. గడ్డం మెల్లగా మామూలు రంగుకి వచ్చింది. నాలుక చాపాడు, అందలేదు. వంకర కాలు ముందుకు వేసి, ఒక్క అడుగు జరిగి, మళ్ళీ చాపాడు. ఈసారి కీచురాయి మోకాలి మీద లేదు. వాడి మెత్తటి దవడ ఆగి ఆగి కదిలింది. మింగడానికి చాలాసేపు పట్టింది. మేమిద్దరం కదలలేదు.

బావ చొక్కా జేబులోంచి పెన్ను తీసి, పుస్తకం కోసం చూశాడు. అది కింద ఉంది. చేతి మీద రాసుకుందామంటే రక్తం.

"అరగంట అయ్యిందేటి?" అన్నాడు.

"ఇంకా పది నిమిషాలుంది."

"అయితే కూకో. పైకి సూడు, ఈసారి."

నేను మళ్ళీ ఆయన ఎడంపక్కకి జరిగి కూర్చున్నాను.